కౌలుకిచ్చిన ఆట

తప్పంతా పబ్లిషరుదేనని ఇప్పటికీ కొందరితో చెబుతుంటాను. వినేవాళ్ళు అయ్యో అంటారు. అక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే ఆ పైన చెప్పాల్సింది నా గురించి.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కలిశాం, నేనూ నా స్నేహితుడూ. వాడిది రేపల్లె, బొమ్మలు వేస్తాడు. నాది చెరుకుపల్లి దగ్గర పల్లె, ప్రోగ్రామింగ్ నా పని. చదువయ్యాక తెనాలిలో మేడమీద గది తీసుకుని, ఉద్యోగాలు చేసుకుంటూనే నాలుగేళ్ళు కూర్చుని ఒక వీడియో గేమ్ తయారుచేశాం. ఆడేవాడు అందులో కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు అవుతాడు. ఊరూరా తిరిగి నీళ్ళ తగాదాలు తీరుస్తాడు. ఎవరితో ఎలా మాట్లాడాడన్నదాన్నిబట్టి కథ నడుస్తుంది.

దారిలో ఒక టిఫిన్ కొట్టు వస్తుంది. ఆ కొట్టావిడ మావాడి తల్లే. రేపల్లెలో ఆవిడకి నిజంగానే కొట్టుంది. ముఖం వాడు గీశాడు, గొంతు ఆవిడదే, ఫోనులో రికార్డు చేశాం. బొంగురు గొంతు. "రా నాన్నా, తినెళ్ళు" అని కేకేస్తే రోడ్డవతల ఆటోవాళ్ళు కూడా లేచి వచ్చేవాళ్ళు. గేమ్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

పూర్తయ్యే సమయానికి మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆన్‌లైన్ స్టోరులో మనమే పెట్టుకుందామని వాడు. మనం పెడితే మన చుట్టాలు తప్ప ఎవరూ చూడరని నేను. ఈలోగా ఒక పబ్లిషింగ్ కంపెనీ ముందుకొచ్చింది, ప్రచారం, ఇతర భాషలు అన్నీ తామే చూసుకుంటామంది. వాడు చాలా రోజులు నాన్చి, చివరికి ఒక్కటే అడిగాడు.

"అమ్మ గొంతు మార్చకూడదు. ఆ మాట కాగితంలో ఉందో లేదో చూడు. చదువుతావుగా?"

చదివానని చెప్పాను. చదవలేదు.

మా ఇంట్లో కౌలు కాగితం చదివినవాళ్ళు ఎవరూ లేరు, అసలు కాగితమే ఉండదు. మా వైపు కౌలంటే గట్టు మీద నిలబడి అనుకునే మాట. పంట చేతికొచ్చాక పొలం మళ్ళీ మనదే. గట్టు కదపాలన్నా కౌలుదారు మనల్ని అడుగుతాడు. పొలమున్నవాడి ధీమా అది. పబ్లిషరూ అంతేననుకున్నాను, దున్నుకుంటాడు, పోతాడు. గొంతు మార్చొద్దంటే వాళ్ళ మనిషి ఫోనులో "అలాగేనండి" అన్నాడు, నాకు అది చాలింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నలభై పేజీల మీద సంతకాలు పెట్టాను.

విడుదలకు పది రోజుల ముందు కంపెనీ నుంచి నాకు మెయిల్ వచ్చింది. కొట్టు రికార్డింగులో బస్సు హారన్లు, పెనం చప్పుడు ఉన్నాయట. ఆ మాటలు వేరే ఆవిడతో చెప్పించారట. మార్చే హక్కు తమదేనని పేజీ నంబరు కూడా వేశారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. రోజూ వాడికి చెబుదామనుకోవడం, రోజూ రేపనుకోవడం.

విడుదల రోజు వాడు నన్ను రేపల్లె రమ్మన్నాడు. తెనాలిలో రైలెక్కాను. దారిలోనైనా ఫోన్ చేసి చెప్పొచ్చు, చెప్పలేదు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక కొట్లో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఇరుగుపొరుగు నలుగురు వచ్చారు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని ముందు కూర్చుంది. తెర మీద తన ముఖం చూసి సిగ్గుపడింది. ఆ ముఖం నోరు తెరిచింది. సన్నటి తియ్యటి గొంతు, ఎవరిదో.

వాడు నా వంక చూసి, "చదివానన్నావు," అన్నాడు.

ఆవిడే సర్దిచెప్పింది. "మంచి పని చేశారు నాన్నా. నాది బొంగురు గొంతు. నలుగురూ వినేదానికి ఏం బాగుంటుంది?"

లేదమ్మా, నీ గొంతులో ఏ లోపమూ లేదు, నేనే చదవకుండా సంతకం పెట్టాను అని ఆ క్షణంలో చెప్పాల్సింది. ఆవిడ పెట్టిన ఇడ్లీ తిని వచ్చేశాను.

గేమ్ ఓ మాదిరిగా అమ్ముడుపోతోంది. కొట్టావిడ గొంతు బాగుందని ఎవరెవరో రాస్తుంటారు. చదివినప్పుడల్లా నామీద నాకే అసహ్యం వేస్తుంది. వాడిప్పుడు చిన్న చిన్న గేములు తనే చేసి, తనే పెట్టుకుంటున్నాడు. నెల తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"అమ్మ కొట్లో ఎవర్నీ కేకేసి పిలవట్లేదురా. చేత్తో రమ్మంటోంది. నేను చెబితే ఓదార్పనుకుంటోంది. నువ్వొచ్చి చెప్పు."

తెనాలి నుంచి రేపల్లె గంట ప్రయాణం. ఇంకా వెళ్ళలేదు.