ఎడిటర్ అడిగిన నాగజెముడు

ఎల్విరా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. మెక్సికో నుంచి షికాగో వచ్చి ముప్పయ్యేళ్ళు చాక్లెట్ ఫ్యాక్టరీలో పనిచేసిన తన అమ్మమ్మ కథకు 1983లో బొమ్మలు వేస్తుంటే, ఎడిటర్ ప్రాణం తోడేసింది. మంచులో రబ్బరు బూట్లతో బస్సు కోసం నిలబడ్డ అమ్మమ్మ బొమ్మ మూడోసారీ తిరిగొచ్చింది.

“బాగుంది ఎల్విరా, కానీ మెక్సికో కనబడటం లేదు. పక్కన ఓ నాగజెముడు పెట్టరాదూ?” అంది ఎడిటర్ ఫోన్‌లో.

“షికాగో బస్‌స్టాప్‌లో నాగజెముడేమిటి, నా తలకాయ!” అని ఠపీమని ఫోన్ పెట్టేసింది ఎల్విరా.

ఆ కోపంతోనే కుంచె అందుకుంది. వారం తిరక్కుండా కొత్త బొమ్మ పంపింది. అందులో అమ్మమ్మ వంటింట్లో నాగజెముడు ముళ్ళు కత్తితో గీకుతోంది. పక్కన పెనంలో తరిగిన ముక్కలు కోడిగుడ్డుతో వేగుతున్నాయి. కింద చీటీ: “మీరడిగిన మొక్క పెట్టాను. మేం దీన్ని వండుకు తింటాం.”