పదో మనిషి కాగితాలు

ఈ బంగారుగనుల నగరంలో మా పేట డోర్న్‌ఫాంటైన్‌లో ఎల్యాను ఇష్టపడినవాళ్లు తక్కువ. నేనైతే ఇరవై ఏళ్లకు పైగా అతన్ని తిడుతూనే గడిపాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలికవుతుంది.

నా పేరు జుండెల్. వీధి మలుపులో ఉన్న మా యూదుల చిన్న ప్రార్థనామందిరానికి సేవకుణ్ణి. తాళం తీయడం, ఊడవడం, దీపాలు చూసుకోవడం, ఇవన్నీ ఎవరైనా చేస్తారు. నా అసలు పని పొద్దున్నే పదిమంది మగవాళ్లను కూడగట్టడం. పదిమంది లేకపోతే తల్లో తండ్రో పోయినవాడు వాళ్ల కోసం చదవాల్సిన ప్రార్థన చదవడానికి లేదు. కాస్త డబ్బు చేసినవాళ్లంతా ఉత్తరాన కొత్త పేటలకు వెళ్లిపోయాక మాకు తొమ్మిదిమందే మిగిలారు. పదోవాడు ఎల్యా. వీధికి అటుపక్క, గదులు అద్దెకిచ్చే దోబా ఇంట్లో, మేడమీద గదిలో ఉండేవాడు.

పంతొమ్మిదో ఏట, సముద్రాలకు అవతల రాకిషిక్ అనే ఊరి నుంచి ఓడెక్కి వచ్చాడు. కొట్లకు బోర్డులు రాసి బతికాడు. మాంసం కొట్టు మీద ఎద్దు, చెప్పుల కొట్టు మీద బూటు అతని చేతివే. ఆ ఎద్దు కళ్లలోకి చూస్తే మాంసం కొనబుద్ధయ్యేది కాదు, అంత బాగా వేసేవాడు. అదే మనిషి సాయంత్రం గదిలో కూర్చుని పచ్చటి మొహాలు, ఒరిగిపోయిన ఇళ్లు, రక్తంలా ఎర్రటి గనిదిబ్బలు వేసేవాడు. బొమ్మ వేయడం రానివాడైతే పోన్లే అనుకుంటాం. వచ్చినవాడు కావాలని పాడు చేయడం ఏమిటని మా మంట. ఒకసారి ఊళ్లో ఏదో హాల్లో అతని బొమ్మలు పెడితే, పిల్లల బొమ్మలే నయమని పత్రికలో రాశారు. ఎల్యా ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించుకున్నాడు.

యుద్ధంలో రాకిషిక్‌లో అతని తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, ఊరికి ఊరే పోయింది. ముందుగానే ఓడెక్కి, మాకు ఉత్తరాన ఉన్న బులవాయో ఊరికి వచ్చేసిన ఒక్క అక్క మిగిలింది. ఆ కబురు తెలిశాక ఎల్యా మందిరం గడప తొక్కడం మానేశాడు. అతను వేడుకోలేదు, ఏడవలేదు. దేవుడితో మాటలు మానేశాడంతే. అందుకే పదోవాడి కోసం నేను వెళ్లినప్పుడల్లా మెట్ల మీద ఇదే తంతు. లోపల తిట్టుకుంటున్నా, గౌరవానికి పేరు ముందు 'రెబ్' తగిలించేవాణ్ణి.

"రెబ్ ఎల్యా! తొమ్మిదిమందిమయ్యాం."

"అయితే నాకేంటి? ఆయనకీ నాకూ మాటల్లేవని చెప్పానుగా."

"నిన్ను మాట్లాడమని ఎవడు ఏడ్చాడయ్యా? వచ్చి కూర్చో. తలకాయ లెక్కకి."

"తలకాయ చాలంటే సరే. లోపలున్నది మాత్రం అడగొద్దు."

చేతులకు రంగుతోనే వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి గీసుకునేవాడు. ఒళ్లు మండి ఓసారి అడిగాను.

"ఇది మందిరమా, నీ బోర్డుల కొట్టా?"

"మీరందరూ పుస్తకంలోకి చూస్తున్నారు. మిమ్మల్నీ ఒకడు చూడాలిగా" అన్నాడు.

మా అమ్మాయి పెళ్లికి బహుమానంగా ఒక బొమ్మ తెచ్చాడు. అందరి ముందూ కాగితం విప్పారు. బొమ్మలో ఉన్నది నేను. మొహం పచ్చగా ఉంది, ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. కాళ్లు మూడు. పెళ్లిపందిరి కింద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మా ఆవిడ హిండా అయితే, "మూడోకాలు ఇన్నాళ్లూ నాక్కూడా చూపించలేదేం?" అంది. ఆ తర్వాత ఆరునెలలు వీధిలో నేను మూడుకాళ్ల జుండెల్‌నే. మర్నాడే బొమ్మను తీసుకెళ్లి అతని తలుపు దగ్గర గోడవైపు తిప్పి పెట్టి వచ్చాను. అప్పుడే వీధిలోకి కొత్తగా పళ్ల డాక్టరు దిగాడు. పదోవాడు దొరికాడు. రెండేళ్లు నేను ఎల్యా ఇంటి మెట్లెక్కలేదు.

ఒక చలికాలం డాక్టరుకు జ్వరం వచ్చింది. ఆ రోజు ఒకాయనకు తండ్రి సంవత్సరీకం. గత్యంతరం లేక వెళ్లాను. తలుపు కొట్టేలోపే తెరుచుకుంది. ఎల్యా అప్పటికే కోటు, టోపీ వేసుకుని ఉన్నాడు. ఎక్కడికో బయల్దేరుతున్నాడనుకున్నాను.

"తొమ్మిది" అన్నాను.

"పద" అన్నాడు.

ఇద్దరం వీధి దాటాం. ఇంకో మాట లేదు. ఏడువారాలకు నిద్రలోనే పోయాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మాలో ఒక ఆచారం ఉంది. దేవుడి పేరున్న కాగితం ఎంత చిరిగినా చెత్తలో వేయకూడదు. మెట్ల కింద బీరువాలో దాచి, బీరువా నిండాక మనిషిని పాతినట్టే శ్మశానంలో పాతిపెడతాం. దోబా ఇక్కడే పుట్టింది. మా భాష మాట్లాడటమేగాని, మా అక్షరాలు ఆవిడకు రావు. ఆ లిపిలో ఏది రాసున్నా ఆవిడకు పవిత్రమే. ఎల్యా గది ఖాళీ చేస్తూ మూడు పిండిబస్తాల కాగితాలు దింపించి, వాకిట్లోంచే కేకేసింది.

"జుండెల్, అన్నీ పవిత్రమైనవే! చెత్తలో వేస్తే నా చేతులు పడిపోతాయి. నువ్వే చూసుకో."

చలికాలం పోగానే వచ్చే మా కొత్త సంవత్సరం పండగ పనుల్లో ఉన్నానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ గదిలోంచి వచ్చాయి కాబట్టే బస్తాల మూతి విప్పబుద్ధి కాలేదు. పండగలయ్యాక చిరిగిన ప్రార్థన పుస్తకాలతో పాటు వాటినీ పాతించేశాను.

పదిరోజులు తిరక్కుండా బులవాయో నుంచి ఎల్యా మేనకోడలు మిరెల్ వచ్చింది. విశ్వవిద్యాలయం లైబ్రరీవాళ్లు బొమ్మలూ కాగితాలూ భద్రపరుస్తామన్నారట.

"బొమ్మలు దొరికాయండీ. మావయ్య రోజూ ఏదో ఒకటి రాసేవాడని అమ్మ చెప్పేది. అవేవీ? అవి లేకపోతే ఈయన ఎవరో, ఎలా బతికాడో ఎవరికి తెలుస్తుంది? ఆయనకి మేం తప్ప ఎవరూ లేరు."

బయట ఆకాశం చూశాను. వానలు మొదలయ్యాయి. రోజూ నాలుగింటికల్లా కురుస్తోంది. పరిగెత్తుకుంటూ మా మతగురువు రబ్బీ దగ్గరికి పోయాను.

"ఎల్యా కాగితాల్లో దేవుడి పేరుంటుందా?" అని అడిగాడు ఆయన.

"ఎల్యా కాగితాల్లోనా? వైరి పేరు రాసుకుంటాడుగాని అది రాయడండీ."

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. "అయితే పొరపాటున పాతింది. తీయండి. కానీ ఒక్క కాగితం మీద ఆయన పేరు కనబడినా, అది మళ్లీ దాని చోటికే పోవాలి. నువ్వే బాధ్యుడివి."

శ్మశానంలో గోతులు తవ్వే వుసుముజికి చోటు గుర్తుంది. పార తీసుకుని నావైపు ఎగాదిగా చూశాడు.

"ముసలాయనా, నాకు తెలిసి ఇక్కడ పాతినవాళ్లని ఎవరూ వెనక్కి అడగలేదు. నువ్వే మొదటివాడివి."

"తవ్వవయ్యా, నీకు పుణ్యముంటుంది. మబ్బు పట్టేస్తోంది."

చినుకులు పడేవేళకు బయటికి లాగాం. ఒక బస్తా బురద ముద్దయింది. రెండు దక్కాయి. ఆ బురదను చూసి నేను గట్టిగా ఏడ్చాను. సిగ్గుపడలేదు.

రెండు బస్తాల కాగితాలూ మందిరంలో బల్లల మీద పరిచి ఆరబెట్టాం. మిరెల్‌కూ లిపి రాదు. "మీరే చదవండి" అంది. ముందువన్నీ మందిరంలో కూర్చుని గీసిన బొమ్మలు: తలలు వంచుకున్న తొమ్మిదిమంది, వాళ్ల వీపులు, చేతులు, దగ్గే నోరు. తర్వాత ఒకటే బొమ్మ, వందలసార్లు. పైనుంచి, కిటికీలోంచి చూసి గీసింది. వీధి దాటుతున్న ఒక మనిషి, కోటు ఎగురుతూ, కాళ్లు రెండో మూడో తెలియనంత వేగంగా వస్తున్నాడు. ప్రతిదాని కింద తేదీ వేసి ఒకే మాట రాసి ఉంది. 'జుండెల్ వస్తున్నాడు.'

తర్వాతి కట్టలో బొమ్మల్లేవు. రెండేళ్ల తేదీలున్నాయి. ప్రతి తేదీ కిందా, 'రాలేదు.' 'రాలేదు.' 'రాలేదు.' నేను అతనికి కష్టం కలిగిస్తున్నాననుకుని ఇరవై ఏళ్లు తిడుతూ మెట్లెక్కాను. అతను రోజూ పొద్దున్నే ఆ కిటికీ దగ్గర నాకోసమే నిలబడ్డాడు.

ఆఖరి కాగితం దగ్గర ఆగిపోయాను. మళ్లీ బొమ్మ ఉంది. కింద తేదీ, నేను వెళ్లిన ఆ చలికాలపు పొద్దు.

"ఏం రాశాడండీ?" అంది మిరెల్.

"దేవుడి దయవల్ల ఈరోజు జుండెల్ వచ్చాడు."

ఆ పిల్ల కాగితం తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. మాటల్లేవన్నవాడు ఆ ఒక్కసారి మాట్లాడాడు. అదీ నా గురించి! చివరికి, "రబ్బీగారి షరతు నాకూ చెప్పారుగా. దాని చోటికి అది పోనివ్వండి" అని నా చేతిలో పెట్టింది.

మిగతావన్నీ ఇప్పుడు లైబ్రరీలో పెట్టెల్లో, అంకెలు వేసి ఉన్నాయి. పై అంతస్తులో పచ్చమొహం, మూడుకాళ్ల బొమ్మ వేలాడుతోంది. జనం దాని ముందు నిలబడి తలలూపుతుంటే నేను వెనకాల నిలబడి వింటాను. అది నేనని చెప్పను. ఆ కాగితం మాత్రం మెట్ల కింద బీరువాలో, చిరిగిన పుస్తకాల మధ్య ఉంది. ఏటా పండగలయ్యాక పాతిపెట్టేవాళ్లు వచ్చి నన్ను అడుగుతారు. పదకొండేళ్లుగా వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బీరువా ఇంకా నిండలేదు.