నీలిమందు చేతులు

రెండువేల ఐదులోనో ఆరులోనో కడప నుంచి కర్నూలుకు పోయే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసి, ఏదో రోగమనుకుని లేచి వేరే సీట్లోకి మారింది.

"ఆ చేతులకేమైంది పెద్దాయనా?" అని అడిగాను.

"నీలిమందప్పా, గుడ్డలకేసే రంగు. ఆకు నానేసిన నీళ్లు తొట్టిలో దిగి చిలుకుతాం. ఆకు పచ్చగుంటాది, నీళ్లూ పచ్చగుంటాయి. చిలికేకొద్దీ గాలి తగిలి నీలమైతాది. మా నాయన కాలంలో ఉన్న పని. నడుమ ఎవురూ అడగక నిల్చిపాయ. ఇప్పుడు మళ్లా అడుగుతాండారు."

మైదుకూరులో బస్సు ఆగితే దిగి, కొళాయి కింద చేతులు చాలాసేపు రుద్దుకుని వచ్చాడు. రంగు పోలేదు.

"రేపు ఆళ్లగడ్డ చర్చిలో నా మనవరాలికి బాప్తిస్మం. ఈ చేతులకు బిడ్డనిస్తారో ఇయ్యరో" అన్నాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో ఆయన వియ్యపురాలు చంటిబిడ్డతో ఎదురొచ్చింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె గొంతు కిటికీలోంచి వినపడింది.

"ఏమన్నా, చేతులు దాచుకుంటాండావు? పట్టుకో, నీ మనవరాలు శానా బరువుండాది."

ఆయన రెండు చేతులూ చాచి బిడ్డను అందుకున్నాడు.