నూట పన్నెండు మందిని పిలిచిన మనిషి

ఆ గురువారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మా ల్యాబులో ఒకాయన చేతికి పట్టీ బిగించి నరం వెతుకుతున్నాను. టేబుల్ మీద ఫోన్ వెలిగింది. మా కాలనీ గ్రూపులో మెసేజ్: "మన బెంచి క్లర్కు గారు ఇక లేరు. సాయంత్రం నాలుగింటికి అంతిమయాత్ర." ముందున్నాయన రక్తం సరిగ్గానే తీశాను. తర్వాత వచ్చిన ఆవిడకి రెండుసార్లు గుచ్చినా దొరకలేదు. సారీ చెప్పి పక్క సీటు అమ్మాయిని పిలిచాను.

సరూర్‌నగర్‌లో మా వీధి చివరి ఇల్లు ఆయనది. ఎల్‌బీ నగర్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. అంటే జడ్జిగారి ముందు కూర్చుని, కేసులు వరసగా పిలిపించి, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఏ కాగితం ఎక్కడుంది అని చూసుకునే మనిషి. ఆయనది పోచంపల్లి దగ్గర నేత ఊరు, మాది గుంటూరు వైపు. చుట్టరికం ఏమీ లేదు. ఆయన నన్ను బిడ్డా అనేవారు, నేను అంకుల్ అనేదాన్ని. నేనొక నవల రాశాను. దాన్ని నిజంగా చదివిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కరే. తిరగరాసి మళ్ళీ ఇస్తే పద్నాలుగో అధ్యాయం దాకా చదివి వెళ్ళిపోయారు. మిగతా ఎనిమిది అధ్యాయాల గురించి ఏమనుకునేవారో నాకు తెలియాలి. నాలుగింటికి ఆయన ఇంటి ముందు నిలబడి ఏడుస్తూ కూడా అదే ఆలోచించాను. సిగ్గుగానే ఉంది, అయినా చెప్పేస్తున్నాను.

నవల సంగతి కొంచెం చెప్పాలి. ఏడు రాజ్యాలు, రాత్రికి రాత్రి చోటు మారే ఒక కొండ, దాన్ని వెతుక్కుంటూ పోయే జనం. నాలుగేళ్ళు రాశాను. దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపులో ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయిస్తుంటే ఆ షాపాయన "ఏంది మేడం, పీహెచ్‌డీయా?" అని అడిగాడు. ల్యాబులో ముగ్గురికి ఇచ్చాను. ముగ్గురూ వారం తిరక్కుండా "సూపర్" అని తిరిగిచ్చేశారు. మా అమ్మ పది పేజీలు చదివి, "ఇంతమంది పేర్లు నీకెలా గుర్తుంటాయే?" అని మెచ్చుకుంది. నేను పొంగిపోయాను.

అంకుల్ అడిగి తీసుకున్నారు. వరండాలో పేపరు చదువుతూ, నా చంకలో కట్ట చూసి, "గంత పెద్ద బుక్కు ఎవలు రాసిండ్రు?" అన్నారు. నేనే అన్నాను. "అయితే ఇటియ్యి. నాకేం పని?" అన్నారు. నెల రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ నెలంతా నాకు కాలు నిలవలేదు. ఏదో ఒక వంకతో రోజుకు నాలుగుసార్లు ఆ గేటు ముందు నుంచి వెళ్ళేదాన్ని. ఆయన తలెత్తేవారు కాదు.

ఒక ఆదివారం పిలిచారు. పక్కన కుర్చీ వేశారు. ఒళ్ళో పొడుగాటి నోట్‌బుక్కు, అందులో స్కేలు పెట్టి గీసిన మూడు గళ్ళు. మొదటి గడిలో పాత్ర పేరు, రెండో గడిలో మొదటిసారి కనబడ్డ పేజీ, మూడో గడిలో "ఈ మనిషి చెప్పింది ఇంకెవ్వరు చెప్పలేరు అన్నది ఏంది?" మొత్తం నూట పన్నెండు పేర్లు. నేనే ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. మూడో గడి ముప్పాతిక వంతు ఖాళీ. అన్నీ పెన్సిల్‌తో రాశారు. ఎందుకంటే, "పెన్ను జడ్జి సాబుది. మనది పెన్సిలే" అన్నారు.

ముందు తిడతారనుకుని బిగుసుకుని కూర్చున్నాను. ఆయన పుస్తకం తెరిచి, కొండ కదలబోయే ముందు మేకలన్నీ మేత ఆపి నిలబడిపోయే చోటు పైకి చదివారు. "గిది నాకు కండ్ల ముంగట కనబడ్డది. మేకలు నిలబడ్డయంటే నాకు దడ పుట్టింది. ఇసొంటివి రాయొస్తది నీకు. గది ముందుగాల తెలుసుకో." ఆ తర్వాత నోట్‌బుక్కు నా వైపు తిప్పారు. "ఇగ పని చేద్దమా?"

ఆయన పని తీరు అంతా కోర్టుదే. "పోలీసోళ్ళు ముప్పై మంది సాక్షుల పేర్లు రాస్కొస్తరు. సర్కారు వకీలు పది మందినే పిలుస్తడు. ఒకడు చెప్పిందే ఇంకొకడు చెప్పేదుంటే ఆ రెండోన్ని వదిలేస్తరు. వాడు చెడ్డోడని కాదు బిడ్డా, వాని పని ముందటోడే చేసిండు, గంతే." అలా వదిలేసిన సాక్షులు ఆ సంగతి తెలియక టిఫిన్ బాక్సు పట్టుకుని కోర్టు వరండాలోనే కూర్చునేవారట. ఈయన భోజనం వేళకు బయటికొచ్చి ఒక్కొక్కరికీ చెప్పి బస్సెక్కించేవారట. ఆంటీ లోపల్నుంచి, "గా పని ఈయనది కాకపోయినా చేసేటోడు, ఇంట్ల అన్నం సల్లారిపోయేది" అని దెప్పేవారు.

అగ్నివేణి, అగ్నిధార, అగ్నిమాల అని నాకు ముగ్గురు యువరాణులు ఉండేవారు. "ముగ్గురు ఒక్క తీర్గనే కోపానికొస్తరు, ఒక్క తీర్గనే కత్తి తీస్తరు. నేను మూడు దినాలు పరేషానైన, ఎవరు ఎవరో తెల్వక. ఒక్కదాన్ని ఉంచు. ఆ ముగ్గురి బాధ ఒక్కదానికే ఇయ్యి. అప్పుడు చూడు, ఎంత గట్టిది అయితదో." అదీ ఆయన పద్ధతి. తీసెయ్ అని ఊరుకోరు, తీసేస్తే మిగిలినదానికి ఏం వస్తుందో చెప్పేవారు. ఒకసారి నేను ఉక్రోషంగా, మా ల్యాబులో అందరూ బాగుందనే అన్నారు అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "బాగుందంటే నీకేం పని దొరుకుతది బిడ్డా?" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

ఆయనకి వరస ముఖ్యం. ఆదివారానికి రెండు అధ్యాయాలు. ముందుకు దూకనిచ్చేవారు కాదు. నేను ఆగలేక చివర్లో రాజు చచ్చిపోవడం ఎలా ఉందని అడిగితే, "నంబరు రానీ, పిలుస్తా" అనేవారు. అలా పదిహేనో అధ్యాయం నంబరు వచ్చింది. అక్కడే చెడింది.

ఆ అధ్యాయంలో నది దాటిస్తుంది ఒక పడవ ముసలమ్మ. నాలుగే పేజీలు ఉంటుంది. పడవ ఎక్కిన ప్రతి మనిషినీ ఒకటే అడుగుతుంది: "అవతలి ఒడ్డున నీకోసం ఎవరు కాచుకుని ఉన్నారు?" నూట పన్నెండు మందిలో నాకు ప్రాణం ఆవిడే. ఆమె గడిలో అంకుల్ ఒక గీత గీసి ఉంచారు. "ఈమె అడుగుడే తప్ప చెప్పేది ఏం లేదు. సాక్షి బోనెక్కి ప్రశ్నలడగొద్దు. తీసెయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై మందిని తీసేయమన్నా నోరెత్తని దాన్ని, ఆ ఒక్క ముసలమ్మ దగ్గర లేచి నిలబడ్డాను. "మీరు జీవితమంతా కోర్టులో కాగితాలు సర్దారు అంకుల్. కథ అంటే ఏంటో మీకేం తెలుసు?" అనేశాను. ఆంటీ టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయారు. అంకుల్ నోట్‌బుక్కు మూసి, "నిజమే బిడ్డా" అన్నారు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

మూడు నెలలు ఆ గేటు ముందు నుంచి నడవలేదు. వెనక సందులోంచి చుట్టు తిరిగి మెయిన్ రోడ్డుకు వెళ్ళేదాన్ని. కానీ మనసు ఊరుకోదు కదా. ఆయన వదిలేయమన్న ఒక్కొక్కరినీ వదిలేస్తూ వచ్చాను. అగ్ని పేర్ల యువరాణులు ఒక్కతయ్యారు, నిజంగానే గట్టి మనిషి అయింది. నూట పన్నెండు ముప్పై ఒకటికి దిగింది. నవలకు ఊపిరి ఆడుతున్నట్టు నాకే తెలిసింది. ఇన్ని విషయాల్లో ఆయన మాట నిజమైనప్పుడు ఆ ఒక్కదానిలో మాత్రం ఎందుకు కాదనుకుని, పడవ ముసలమ్మను కూడా తీసేశాను. ఫైల్లోంచే తుడిచేశాను, మళ్ళీ మనసు మారకుండా.

కొత్త కట్ట పట్టుకుని వెళ్ళేసరికి అంకుల్ సగమైపోయి ఉన్నారు. దవాఖాన నుంచి వచ్చి పది రోజులేనట, నాకు తెలియనే తెలియదు. క్షమించమని అడగాలని దారి పొడవునా అనుకున్నదాన్ని, తీరా ఎదురుపడ్డాక గర్వంగా, "పడవ ముసలమ్మను కూడా తీసేశాను అంకుల్, మీరు చెప్పినట్టే" అన్నాను. ఆయన "పూరా తీసేసినవా?" అన్నారు. పూర్తిగా అన్నాను. "సరే. నంబరు రానీ" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను. ఆ తర్వాత మాకు దొరికినవి ఏడు ఆదివారాలు.

పదకొండో రోజు భోజనాలకు వెళ్ళాను. కళ్ళు మాటిమాటికీ నోట్‌బుక్కు ఉండే అలమారు మీదికే పోతున్నాయి. ఇంట్లో అందరూ మనిషి కోసం ఏడుస్తుంటే నేను కాగితాల కోసం చూస్తున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆంటీ కనిపెట్టేశారు. "ఎందుకు గట్ల దొంగ లెక్క చూస్తున్నవ్? తీస్కో. ఆయన నీ కోసమే రాసిండు." ఇంటిదాకా ఆగలేకపోయాను. బయట టెంటు వాళ్ళు కుర్చీలు మడతపెడుతుంటే మెట్ల మీద కూర్చుని తెరిచాను.

పడవ ముసలమ్మ గడిలో పాత గీతను రబ్బరుతో తుడిచేసి ఉంది. పక్కన: "సాక్షి ప్రశ్న అడగొద్దన్న. తప్పు నాది. ఈమె అడిగినందుకే తక్కినోళ్ళు నిజం చెప్పిండ్రు. ఈమె లేకుంటే వాళ్ళ నోర్లు తెర్వవు. ఉంచాలె. ఆదివారం బిడ్డ వస్తే చెప్పాలె." దాని కింద వరసగా, ఒకదాని కింద ఒకటి, "పిలిచినం. రాలేదు. పిలిచినం. రాలేదు." పన్నెండు సార్లు. కేసు పిలిచినప్పుడు మనిషి రాకపోతే కోర్టు కాగితం మీద రాసే మాటలట అవి.

"ఆదివారం ఆదివారం నీ కుర్చీ ఏసి కూసునేటోడు" అన్నారు ఆంటీ నా వెనక నిలబడి. "నేనే పోయి పిల్సుకొస్తనంటే వద్దనె. కోపం తగ్గినంక తనే వస్తది అనె."

చివరి పేజీలో, నేను తిరిగి వచ్చిన తర్వాత రాసినది ఒకటే మాట. "పదిహేనో అధ్యాయం కాడ చెప్పాలె." ఆయన పద్నాలుగు దగ్గర ఆగిపోయారు.

అంకుల్ దగ్గరే ఉండిపోయిన నా పాత ప్రతి ఇమ్మని అడిగాను. ఆ నాలుగు పేజీలు ఇప్పుడు అందులో తప్ప ఎక్కడా లేవు. ఆంటీ ఇవ్వలేదు. "అది ఆయన సదివిన బుక్కు. ఇంట్లనే ఉంటది. నీకు కావాలంటే ఆదివారం ఒచ్చి, ఈడనే కూసోని చూసి రాస్కో." కళ్ళు తుడుచుకుని, సరేనన్నాను.

ఇవాళ ఇంకా శుక్రవారమే. పని మీద మనసు నిలవడం లేదు, ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. ఆవిడను తీసేశాక, ఆ చోట "అందరూ నది దాటారు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోయాను. ఆ వాక్యం కొట్టేశాను. ఇప్పుడు ముప్పై ఒక్కమందీ ఇవతలి ఒడ్డునే మూటలు దింపుకుని, నీళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు.