మంట తెలియని మావయ్య

ఆ రోజుల్లో మా వైపు మగాడి గొప్ప కాళ్ళలో ఉండేది. చెప్పుల్లేకుండా చెరుకు మోళ్ళ మీద నడిచినవాడు మొనగాడు, ముల్లు గుచ్చుకుంటే 'అబ్బా' అన్నవాడు పట్నం సరుకు. (నేను రెండో రకం. అనకాపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో, ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం.) మొదటి రకంలో మా మేనమామని మించినవాడు లేడు. చీడికాడ దగ్గర పల్లెలో బెల్లం వండేవాడు. పెనంలోంచి మరిగే పాకం చిట్లి పాదం మీద పడినా కబుర్లు ఆపేవాడు కాదు. "ఈడివి ఇనప కాళ్ళర్రా!" అని జనం అంటుంటే, మేనల్లుణ్ణి కదా, మీసం నేను దువ్వుకునేవాణ్ణి. అంతకుముందు కొన్నాళ్ళు కాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందని, తిమ్మిర్లని గొణిగాడు. అవి పోయేసరికి బాగుపడిందనుకున్నాం. పాదాలు ఎండి బీటలు వారితే పొయ్యి సెగ అనుకున్నాం. సుగరు టెస్టు చేయించుకోమని అత్త పోరితే ఒకటే మాట: "సుగరు పంచదార తిన్నోళ్ళకి వత్తాదే. మనం తినేది బెల్లం!" ఊరంతా ఆ మాట నమ్మింది. డిగ్రీ చదివి నేనూ నమ్మాను.

నాకు ఎస్. రాయవరం దగ్గర పెళ్ళిచూపులు. నాన్న లేడు కనుక పెద్దరికం మావయ్యది. బస్సు దిగి నడిచి వాళ్ళ గుమ్మం చేరేసరికి ఆయనకి ఒక కాలికే చెప్పుంది. రెండోది దారిలో ఎక్కడ జారిందో ఆయనకే తెలియదు. "ఏటవుతాదిలే" అని ఉన్నది కూడా విడిచేసి, తెల్లటి టైల్స్ మీద దర్జాగా నడిచి కూర్చున్నాడు. పిల్ల టీ పళ్ళెంతో వచ్చి, గుమ్మంలోనే ఆగి, తల వంచుకుని నేల చూస్తోంది. ఎంత సిగ్గో అని మురిసిపోయాను. తీరా ఆమె చూస్తున్నది నెత్తుటి అడుగుల్ని. మావయ్య చివాల్న లేచాడు. "ఎవులికో కాలు తెగిందర్రా! సూసుకోరేటి?" అని అందరి కాళ్ళూ ఎత్తించాడు, పిల్ల నానమ్మవి కూడా. ఆయన వెతుకుతూ తిరిగిన చోటల్లా కొత్త మరక పడుతోంది. నాకు నవ్వాగలేదు. పిల్ల తండ్రి మాత్రం నవ్వలేదు.

"బావగారూ, కూకోండి. ఆ కాలు మీదే" అన్నాడు.

మడమలో సీసా పెంకు దిగి ఉంది. "నొప్పి తెలీనేదా?" అని ఆయనే అడిగితే, "నేదు" అన్నాడు మావయ్య, అలవాటుకొద్దీ కాస్త గర్వంగా. పిల్ల తండ్రి తన పంచె అంచు పక్కకి తీశాడు. ఆయన కుడి పాదానికి వేళ్ళు లేవు.

"నాకూ తెలీనేదు" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు, చక్కెర జబ్బు కాళ్ళ నరాల్ని ఎప్పుడో దెబ్బతీసిందని, రక్తనాళాలు సన్నబడి పాదానికి నెత్తురు సరిగా అందడం లేదని, అందుకే పుండు మానదని. అంటే మేము ఊరేగించిన ఇనప కాళ్ళన్నీ రోగమే. గాయం నల్లబడింది. మోకాలి కింద దాకా కాలు తీసేశారు. "పాకం పడితే మండిందని ఏడిసినోళ్ళని ఎక్కిరించేను గదరా అల్లుడా! ఆ మంటే ఉంటే నా కాలు ఉండేది" అన్నాడు మంచం మీద. నాకు దుఃఖం ఆగలేదు. తర్వాతి చెరుకు పంటకి పొయ్యి వెలిగేసరికి ఆయన లేడు.

ఆ పిల్లే మా ఆవిడ. ఇప్పుడు సుగరు నాకూ వచ్చింది. (బెల్లం మానేసి చాలా కాలమైంది, ఏం లాభం!) రోజూ సాయంత్రం నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు వెతికి చూసి, అరికాలి మీద కోడీకతో తాకుతుంది. "తెలుత్తందా?" అంటుంది. "ఓ, బాగా తెలుత్తంది" అంటాను. మావయ్య పోలిక ఎక్కడికి పోతుంది! ఈమధ్య ఈక ఎక్కడుందో ఓరకంట చూసి మరీ చెబుతున్నాను. నిన్న కనిపెట్టేసింది.

"కళ్ళు మూసుకుని సెప్పండి."

మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"ఇంకా మొదలెట్టనేదేటి?" అన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే, ఈక నా అరికాలికి ఆనించి, పెళ్ళిచూపులనాటిలాగే తల వంచుకుని ఉంది. ఈసారి సిగ్గని పొరబడలేదు.