యాదగిరి బండి తలుపు మీద గీత

కర్టెన్లు వేలాడదీసే అల్యూమినియం రాడ్డుకి పెద్ద బరువుండదు. రెండు వేళ్లతో ఎత్తేయొచ్చు. అలాంటి రాడ్డునొకదాన్ని నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆవిడకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

మాది కోస్తా. ఉద్యోగం జీడిమెట్లలో, ఒక మందుల ఫ్యాక్టరీలో. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. నాకో చిన్న కారుంది. దాన్ని చూసుకుని నాకు కొంచెం పొగరుండేది. లీటరుకి ఎంత ఇస్తుంది, ఎంత ఇరుకు సందులో తిరుగుతుంది, వెనక సీటు మడిస్తే ఎంత సామాను పడుతుంది అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. ఎదురింటి యాదగిరి కొన్న పెద్ద బండిని చూస్తే మాత్రం ఒళ్లు మండేది. మా వీధి మలుపులో అది ఒక్కసారికి తిరగదు. ముందుకీ వెనక్కీ ఆడించి ఆడించి తిప్పాలి. నిలిపితే సగం వీధి దానిదే. యాదగిరి ఇక్కడి మనిషే, కొంత భూమి అమ్మి మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంత బండి దేనికండీ అని నవ్వుతూ అడిగితే, "ఉండనీ సారూ, పనికొస్తది" అనేవాడు. ఎవరికి పనికొస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

ఖాజా తల్లికి పనికొచ్చేది. ఖాజా ఇల్లు మా కాలనీ గోడకి అవతల. ఆకుకూరలు పండిస్తాడు, గేదెలున్నాయి. మాకు పాలు అక్కణ్ణుంచే. ఖాజా, యాదగిరి ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, యాదగిరి చిన్నప్పుడు సగం భోజనాలు ఆ ఇంట్లోనే చేశాడట. ఆ పెద్దావిడకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కని వారం వారం సిటీకి తీసుకెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కూర్చోలేకపోయేది. యాదగిరి ఆ బండి వెనక సీటు మీద పరుపు వేసి, పడుకోబెట్టి తెచ్చేవాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. ఎన్నికలొస్తే చాయ్ హోటల్ దగ్గర రోజూ కయ్యమే. ఫలితాలొచ్చాక ఓడిన పార్టీవాడు గెలిచినవాడికి దావత్ ఇవ్వాలి. ఇద్దరికీ ఓటు వచ్చినప్పటి నుంచీ అదొక ఆనవాయితీ. ఆ ఏడు యాదగిరి తన నాయకుడి ముఖం ఉన్న పెద్ద స్టిక్కర్‌ని బండి తలుపు నిండా అంటించాడు. అందరి ముందూ ఖాజా, "గా మొకం జూస్తే మా బర్రె గూడ పాలియ్యదు" అన్నాడు. అందరం నవ్వాం. యాదగిరి కూడా నవ్వాడు.

ఆ మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం నేను కొంపల్లి వెళ్లి కర్టెన్ రాడ్లు కొన్నాను. ఇంటికి పంపిస్తామని కొట్టువాడు అంటే నేనే వద్దన్నాను. నా బండిలో ఏదైనా పడుతుంది కదా. ఎడమవైపు వెనక కిటికీలోంచి రాడ్లు బయటికి పొడుచుకొచ్చాయి. చివర కట్టిన ఎర్రగుడ్డ దారిలో ఎక్కడో ఊడిపోయింది. మా వీధిలో యాదగిరి బండి ఎప్పటిలాగే సగం దారికి అడ్డంగా ఉంది. విసుగ్గానే పక్కనుంచి పోనిచ్చాను. కర్ర్‌మని చప్పుడైంది.

దిగి చూశాను. స్టిక్కర్ మీద నాయకుడి చెవి దగ్గర మొదలై, ముక్కు మీదుగా, అవతలి బుగ్గ దాకా సన్నటి గీత. కింద రేకు కూడా కనిపిస్తోంది. వీధిలో ఎవరూ లేరు. అందరూ ఎన్నికల మీటింగుకి పోయారు. నా కారుకి మచ్చ కూడా పడలేదు. లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, రాడ్లు బిగించాను.

సాయంత్రానికి వీధంతా గోల. అంత సన్నటి గీత, అదీ సరిగ్గా ముఖం మీద. కారు రాసుకుంటే అలా పడుతుందని ఎవరికి తోస్తుంది? తాళంచెవితో గీశారన్నారు. ఎదుటి పార్టీ వాళ్ల పనన్నారు. నిన్న ఆ ముఖాన్ని వెక్కిరించిందెవరో అందరికీ గుర్తే. ఖాజా పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఒట్లు పెట్టాడు, చివరికి అతనికీ కోపమొచ్చింది. ఇద్దరూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు.

నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. ఎందుకు చెప్పలేదు? డబ్బుకి భయపడి కాదు. బాగుచేయించడం పెద్ద పని కాదు. నవ్వుతారని. చిన్న బండి గొప్పలు చెప్పేవాడు ఇంటికి నాలుగు రాడ్లు తెచ్చుకోలేక పక్కవాడి బండి గీకాడని. అంతేనా? ఇంకొకటుంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. రోజూ అరుచుకునే ఆ ఇద్దరూ నిజంగా కొట్టుకునేదాకా వస్తే, నాకు లోపల ఎక్కడో బాగుంది. ఆ పెద్ద బండికి బుద్ధొచ్చిందనుకున్నాను.

ఇంతే అయితే మీకు రాసేవాణ్ణి కాదేమో. కొన్నాళ్లకి ఖాజా మా ఇంటికొచ్చాడు. "సారూ, యాద్గిరి మీ మాట ఇంటడు. నేను గీకలే అని జెర చెప్పుండ్రి. అమ్మీ కసం" అని తల్లి మీద ఒట్టేశాడు. అతని కళ్లలోకి చూడలేక సరేనన్నాను. నిజం చెప్పేద్దామనే యాదగిరి ఇంటికి వెళ్లాను. ఆ మాట నమ్మండి. వరండాలో కూర్చున్నాను. చాయ్ ఇచ్చాడు. నోరు తెరిస్తే నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"పోనీలెండి యాదగిరి గారూ. చిన్నప్పటి స్నేహం. ఈసారికి క్షమించెయ్యండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఖాజానే గీకిండన్నట్టు. మీకెర్కనా సారూ?"

నేను నా చాయ్ గ్లాసులోకి చూస్తున్నాను.

"జూసిండ్రా మీరు?"

తల దించుకున్నాను.

"ఇగ చాలు. వాడు కాదేమో, వాడట్ల జేసేటోడు కాదు అని ఇన్ని దినాలు మనసు కొట్టుకుంటుండె. మీరు చెప్పిండ్రు, అయిపాయె."

నేను చెప్పలేదు. అవునని ఒక్క ముక్క అనలేదు. ఎన్నో రోజులు దీన్నే పట్టుకుని వేలాడాను. కానీ క్షమించమని అడిగిన తర్వాత ఇంక చెప్పడానికేం మిగిలింది? ఖాజా చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగి, ఆ తప్పుని అతని నెత్తిన నేనే ఖాయం చేసి వచ్చాను. బండి మీద గీత పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆ ఏడు దావత్ జరగలేదు. పెద్దావిడ ఆటోల్లో వెళ్లడం మొదలైంది. తట్టుకోలేక కొన్ని ఆదివారాలు నేనే తీసుకెళ్లాను. నా బండిలో ఆవిడకి పడుకునే చోటు లేదు. మోకాళ్లు ముడుచుకుని, తల కిటికీకి ఆనించి, ప్రతి గతుకుకీ కళ్లు మూసుకునేది. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "అల్లా నిన్ను సల్లగ జూడాలె బిడ్డా" అనేది. ఆ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగబట్టుకునేవాణ్ణి. ఒకసారి దారిలో, "యాద్గిరి మంచిగున్నడా?" అని అడిగింది. బాగానే ఉన్నాడన్నాను. ఇంకేమీ అడగలేదు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకెక్కడ దొరుకుతుంది? ముందు చూసుకుంటూ నడిపాను.

ఆవిడ పోయిన రోజున యాదగిరి గోడ అవతలికి వెళ్లలేదు. రోడ్డు మీద తన బండి పక్కన నిలబడ్డాడు. జనాజా కదిలాక దూరం దూరంగా వెనకే నడిచాడు. ఖాజా వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను మాత్రం పిలిచి, భుజం పట్టడానికి చోటిచ్చాడు. పట్టాను.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ స్టిక్కర్ మీది నాయకుడు కండువా మార్చుకుని ఖాజా పార్టీలోకి వచ్చేశాడు, యాదగిరి కూడా ఆయన వెంటే వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే జెండా పట్టుకుని, ఒకే షామియానాలో, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు కూర్చుంటున్నారు. కొట్లాడుకోవడానికి కూడా వాళ్ల మధ్య ఏమీ మిగల్లేదు.

రేపు వెళ్లి చెబుతానని మీకు మాటివ్వను. ఇలాంటి మాటలు నాకు నేను చాలాసార్లు ఇచ్చుకున్నాను. ఆ వరండాలో అనాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను. యాదగిరి గారూ, మీ మనసు చెప్పిందే నిజం, ఖాజా అలా చేసేవాడు కాదు. గీకింది నేను. రాశాక కాసేపు ఊపిరి సరిగ్గా ఆడింది. ఆ పెద్దావిడ మోకాళ్లు ముడుచుకుని చేసిన ప్రయాణాలు అలాగే ఉన్నాయి.