ఖాదర్ భాయి కడాయిలో సీసం

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకూ ఒక్కోసారి వస్తుంది, వెంటనే రాజన్న ముఖం గుర్తొచ్చి ఆగిపోతుంది.

మస్కట్‌లో, బౌషర్ దగ్గర మా కంపెనీ రూమ్. శుక్రవారం సెలవు. ఆ రోజు అజైబా సముద్రపు ఒడ్డుకు గాలం పట్టుకుని పోవడం నా పిచ్చి. దారానికి కట్టే సీసం గుండ్లు రాళ్లలో చిక్కుకుని తెగిపోయేవి. ఎన్నని కొంటాం? టైర్ల దుకాణంలో చక్రాల తూకం కోసం బిగించి, తర్వాత పీకేసిన సీసం ముక్కలు అడిగి తెచ్చుకుని, కరిగించి, చెక్కలో తొలిచిన గుంటల్లో పోసి, గుండ్లు నేనే చేసుకోసాగాను. మసిపట్టిన సీసం ఒక్కసారిగా కరిగి వెండిలా మెరుస్తుంటే చేపల సంగతే మరిచిపోయేవాణ్ణి. ఒక శుక్రవారం నేను కరిగించే డబ్బాకు చిల్లు పడింది. పొయ్యి పక్కన ఖాదర్ భాయి కడాయి కనిపించింది.

ఖాదర్ భాయిది కడప. మా రూమ్‌కు వంట ఆయనే. ఆ ఇనుప కడాయి వాళ్లమ్మ ఇచ్చి పంపింది. ఇంకొకరు తోముతానన్నా ఒప్పుకునేవాడు కాదు. ఆయన నమాజుకు వెళ్లాడు. నేను సీసం పెట్టాను.

గుండ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. కడాయి అడుగున మరకలు మాత్రం ఎంత తోమినా పోలేదు. సీసం కడుపులోకి పోతే విషమని తెలుసు. కడాయి తిరిగి పెడితే పాపం, నిజం చెబితే పరువు పోతుంది. గోనెసంచిలో చుట్టి సైట్ తుక్కులో పారేశాను. ఎవరికీ విషం పెట్టలేదు కదా, అదీ మంచితనమే కదా అని ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

కడాయి ఎవరో ఎత్తుకుపోయారని ఖాదర్ భాయి వంట మానేశాడు. రూమంతా రొట్టె, పెరుగు. అప్పుడు నా పక్క మంచం రాజన్న, జగిత్యాల వైపు మనిషి, ఉపాయం చెప్పాడు. ఆకు మీద కాటుక పూసి అంజనంలో దొంగను చూసే తాత వాళ్ల ఊళ్లో ఉన్నాడట. వీడియో కాల్ కలిపారు. నెట్ బాగా వచ్చేది నా ఫోన్‌లోనే. కాబట్టి పట్టుకున్నదీ నేనే.

నేను అంజనాలు నమ్మను. కానీ తాత ఆకులోకి చూసి, కళ్లెత్తి తిన్నగా నా ముఖంలోకి చూశాడు.

"దొంగ బయట లేడు. నా ముంగటనే ఉన్నడు," అన్నాడు.

నా వేలు దానంతటదే కెమెరా తిప్పే బొమ్మను నొక్కింది. దానంతటదేనా? కాదు. నేనే నొక్కాను. తాతకు నా ముఖం బదులు, ఎదురుగా ఎర్ర బనీనులో ఉన్న రాజన్న కనిపించాడు.

"ఆ! గా ఎర్ర బనీనోడే!"

"తాతా, నేను రాజన్ననే! నీకు ఫోన్ జేపిచ్చిందే నేను!"

"అంజనంల సుట్టరికం ఉండది బిడ్డా."

రాజన్న కొడుకు మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఖాదర్ భాయి, "ఒట్లెందుకు రాజన్నా, అడిగింటే నేనే ఇచ్చుందు గదప్పా," అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఘోరంగా తగిలింది. అందరూ పస్తులెందుకని రాజన్న పాపం కొత్త కడాయి కొని తెచ్చాడు. దొంగ కాకపోతే ఎందుకు కొంటాడన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అది రాజన్న వినలేదు. ఆ కడాయిలో వండిన కూర నేను రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

'కడాయి రాజన్న' అన్న పేరు వాళ్ల ఊరి దాకా పాకింది. అక్కడ రేషన్ షాపు దగ్గర ఆయన భార్యను చూసి నవ్వుతారట. ఆయన ఎక్కడో దూరాన ఉన్న సలాలా సైట్‌కు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. ఇప్పటికీ పండగలకు నాకు ఫోన్ చేస్తాడు. "గా రూమ్‌ల నన్ను దొంగ అననోనివి నువ్వొక్కనివే తమ్మీ," అంటాడు. నేను ఊఁ అంటాను. మొన్నా అదే అన్నాడు. నేనూ అదే ఊఁ.

ఆయనకు చెబుతానా? తెలియదు. ధైర్యం వస్తుందని అబద్ధమాడలేను. ఆయన క్షమిస్తాడేమో అన్నదే నాకు ఎక్కువ భయం. ఇవాళ మాత్రం ఇంతవరకు రాయగలిగాను: రాజన్న దొంగ కాదు. దొంగను నేను. రాసి, పైకి చదివాను. కాస్త ఊపిరి ఆడింది.